కార్పొరేటర్ నుంచి పార్టీ పెద్ద దాకా: విశాఖలో ఆ దారి ఎలా ఉంటుంది

మీరు అడిగింది ఇదీ: మీ బావగారికి 36 ఏళ్లు. గాజువాక దగ్గర కాపురం, ప్రైవేటు కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం. పదేళ్లుగా ఒక ప్రాంతీయ పార్టీ జెండా మోస్తున్నారు. ముందు కార్పొరేటర్, తర్వాత ఎమ్మెల్యే, ఆ పైన పార్టీలో పెద్ద పదవి అని లెక్క వేసుకున్నారు. ఇందుకోసం ఉద్యోగం మానేస్తానంటున్నారు. విశాఖలో అలా మెట్టు మెట్టుగా ఎక్కినవాళ్లు ఉన్నారా, దీన్ని ఒక కెరీర్ అనుకోవచ్చా అని అడిగారు.

ముందు ఒక మాట. ఉద్యోగం ఇప్పుడే మానొద్దని చెప్పండి. కారణం కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

నాది కంచరపాలెం వైపు. 2007లో మా వార్డులో గెలిచిన కార్పొరేటర్ దగ్గర ఆఫీసు పని చూశాను. ఆయన పదవిలో ఉన్నది ఐదేళ్లు. నేను ఆయన దగ్గర ఉన్నది పద్నాలుగేళ్లు. ఆ పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో తీరిపోయింది. మళ్లీ ఓటు పడింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు జీవీఎంసీకి (మహా విశాఖ నగరపాలక సంస్థకు) ఎన్నికైన కౌన్సిలే లేదు, అంతా ప్రత్యేకాధికారుల పాలన. అంటే 2012లో మీ బావగారి వయసు కుర్రాడెవరైనా ఉద్యోగం మానేసి సిద్ధమై కూర్చుంటే, నామినేషన్ వేసేసరికి నలభై అయిదు వచ్చేసేవి. ఇంట్లో పిల్లల ఫీజులు మాత్రం ఎన్నికల నోటిఫికేషన్ కోసం ఆగవు కదా.

ఆ తొమ్మిదేళ్లూ మా కార్పొరేటర్‌గారు 'మాజీ'. సంతకానికి విలువ లేదు, వార్డు నిధుల్లేవు. అయినా పొద్దున్న ఆరున్నరకల్లా గుమ్మంలో జనం ఉండేవారు. మావి కొండవాలు ఇళ్లు. మే నెలలో పైవరసకు కుళాయి నీళ్లు ఎక్కవు. "బాబూ, ట్యాంకరెప్పుడొస్తాది?" అని బిందె చంకన పెట్టుకునే వచ్చేవారు. నా దగ్గర ఒక పొడుగు రూళ్ల పుస్తకం ఉండేది. అందులో ఒక రోజు పేజీ ఇప్పటికీ గుర్తుంది: గుడి పక్క సందులో కాలవ పూడిక, ఒక పెద్దావిడకు వేలిముద్ర పడక పెన్షన్ ఆగింది, కొండ మీద రిటైనింగ్ వాల్ పగులిచ్చింది, వానలు పడేలోపు చూడాలి, ఆసుపత్రిలో చనిపోయినాయన శవాన్ని ఇంటికి తేవాలి, వ్యాన్ మాట్లాడాలి. చివరిదానికి ఆయనే వెళ్లారు. మిగతా మూడింటికి నేను జోనల్ ఆఫీసుకు పోయాను. అక్కడ వర్క్ ఇన్‌స్పెక్టర్ నన్ను చూసి నవ్వాడు: "పదవి పోయినా మీరు మానరేటండీ?"

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. చెట్లన్నీ రోడ్ల మీదే, కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మా కార్పొరేటర్‌గారు రంపం పట్టుకుని నలుగురు కుర్రాళ్లతో సందులు ఖాళీ చేయించారు, పాల ప్యాకెట్లు ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెప్పించారు. నా లెక్కలో ఆ వారం చేసినంత పని ఆయన పదవిలో ఉన్న ఐదేళ్లలోనూ చేయలేదు.

మరి 2021లో ఏమైంది? వార్డుల సరిహద్దులు మారాయి. 2007లో 72 ఉన్న వార్డులు 98 అయ్యాయి. మేం తొమ్మిదేళ్లు తిరిగిన సందుల్లో సగం పక్క వార్డులోకి పోయాయి, మిగిలిన వార్డు మహిళకు రిజర్వయింది. పార్టీవాళ్లు "అమ్మగారిని నిలబెట్టండి" అన్నారు. ఆవిడ "నా వల్ల కాదు" అనేశారు. టికెట్ మరొకరికి వెళ్లింది. ఆయన గొడవ పెట్టలేదు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని బీరువాలో పెట్టేశారు, అంతే. ఆ పార్టీ పేరు అనవసరం. ఏ పార్టీ అయినా అదే చేసేది.

ఇక పెద్దవాళ్ల సంగతి. నగర రాజకీయంలోంచి పైకి వెళ్లిన మనిషి అంటే నా తరం వాళ్లకు మొదట గుర్తొచ్చేది సబ్బం హరి. నగరానికి కార్పొరేషన్ హోదా 1979లో వచ్చింది. 1981లో తొలి మేయర్‌గా ఎన్.ఎస్.ఎన్. రెడ్డి బీజేపీ నుంచి వచ్చారు. ఆ పార్టీ పుట్టి అప్పటికి ఏడాదే. తర్వాత టీడీపీ నుంచి డి.వి. సుబ్బారావు. 1995లో కాంగ్రెస్ నుంచి సబ్బం హరి. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గమనించండి. అప్పట్లో మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకునేవారు. నగరం మొత్తం ఒకే మనిషికి ఓటు వేయాలి. ఎమ్మెల్యేకు ఒక నియోజకవర్గమే, మేయర్‌కు ఊరంతా. అలా గెలిచినవాడికి పార్టీ దయతో సంబంధం లేని ఒక బలం వస్తుంది. హరి మాటల్లో ఆ ధీమా కనిపించేది. ప్రెస్‌మీట్‌లో కాగితం చూడకుండా గంటసేపు మాట్లాడగలిగేవారు. ఎదుటివాడిని తిట్టేటప్పుడు కూడా వ్యాకరణం తప్పేవారు కాదు (ఈ గుణం ఇప్పుడు ఎవరిలోనూ కనపడక ప్రత్యేకంగా చెబుతున్నాను).

మేయర్ పదవి 2000తో పోయింది. ఎంపీ అయ్యింది 2009లో, అదీ విశాఖ నుంచి కాదు, అనకాపల్లి నుంచి. తొమ్మిదేళ్లు మళ్లీ గుర్తుపెట్టుకోండి. ఆ ఎన్నికలో అనకాపల్లిలో ప్రజారాజ్యం తరఫున అల్లు అరవింద్ కూడా ఉన్నారు. అంత హడావుడిలో హరి నెగ్గుకొచ్చారు. తర్వాత రాష్ట్ర విభజన వచ్చింది. సమైక్యాంధ్ర కోసం సొంత ప్రభుత్వం మీదే అవిశ్వాస తీర్మానం నోటీసిచ్చిన ఎంపీల్లో ఆయన ఒకరు, కాంగ్రెస్ బహిష్కరించింది. 2014లో కిరణ్‌కుమార్ రెడ్డి పెట్టిన జై సమైక్యాంధ్ర పార్టీ నుంచి విశాఖ లోక్‌సభకు దిగారు. గుర్తు చెప్పుల జత. పోలింగ్ ముంగిట్లో తాను తప్పుకుంటున్నానని, బీజేపీ అభ్యర్థి కంభంపాటి హరిబాబుకు ఓటు వేయమని చెప్పారు. హరిబాబు వై.ఎస్. విజయమ్మ మీద 90 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. 2019లో హరి టీడీపీ నుంచి భీమిలిలో నిలబడి అవంతి శ్రీనివాస్ చేతిలో ఓడిపోయారు. 2020 అక్టోబరులో సీతమ్మధారలో ఆయన ఇంటి ప్రహరీని కార్పొరేషన్ సిబ్బందే కూల్చారు. ఆక్రమణ అని అధికారులు, కక్ష అని ఆయన. ఒకప్పుడు ఏ సంస్థకు మేయర్‌గా కూర్చున్నారో ఆ సంస్థ జేసీబీయే గుమ్మంలోకి వచ్చింది. 2021 మేలో కోవిడ్‌తో పోయారు.

ఆయన తెలివికీ, జనంలో పేరుకీ లోటు లేదు. మరి 1995లో ఊరంతా ఓటేసిన మనిషి విశాఖ ఎంపీ ఎందుకు కాలేకపోయారు? నా అభిప్రాయం: ఇక్కడ లోక్‌సభ టికెట్ నగరంలో తయారు కాదు. ఒకసారి వరస చూడండి. టి. సుబ్బరామిరెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి నెల్లూరు వైపు వారు. పురందేశ్వరి గురించి చెప్పనక్కర్లేదు. హరిబాబుది ప్రకాశం జిల్లా, అయితే ఆయన ఏళ్ల తరబడి ఇక్కడే ఉండి ఎమ్మెల్యేగా కూడా చేశారు. విశాఖ ఎవరినైనా ఓన్ చేసుకుంటుంది. ఓడరేవు ఊరు, స్టీల్‌ప్లాంటు ఊరు, పొట్టకూటికి వచ్చినవాళ్ల ఊరు. ఆ గుణం ఊరికి అందం, లోకల్ నాయకుడికి శాపం. పార్టీ అధిష్ఠానం దృష్టిలో ఇది "ఎవర్ని పెట్టినా చెల్లే సీటు".

రెండో రకం ప్రయాణం మీ బావగారి ఊళ్లోనే కళ్ల ముందు ఉంది. పల్లా శ్రీనివాసరావు. తండ్రి పల్లా సింహాచలం 1994లో టీడీపీ నుంచి విశాఖ-2 ఎమ్మెల్యే. కొడుకు 2009లో ప్రజారాజ్యం నుంచి ఏకంగా విశాఖ లోక్‌సభకే పోటీ చేసి ఓడిపోయారు. 2014లో టీడీపీ నుంచి గాజువాక ఎమ్మెల్యే. 2019లో అదే గాజువాకలో మూడో స్థానం. ఆ ఎన్నిక దేశమంతా చూసింది, ఎందుకంటే రెండో స్థానంలో పవన్ కల్యాణ్ ఉన్నారు. గెలిచింది వైసీపీ తిప్పల నాగిరెడ్డి. 2024లో పల్లా 95,235 ఓట్ల మెజారిటీతో గెలిచారు, రాష్ట్రంలో అదే అత్యధికం. ఆ జూన్‌లోనే ఆంధ్రప్రదేశ్ టీడీపీ అధ్యక్షుడయ్యారు.

మూడో స్థానానికీ రాష్ట్ర అధ్యక్ష పదవికీ మధ్య ఐదేళ్లే. కూటమి (టీడీపీ, జనసేన, బీజేపీ) గాలి ఉంది నిజమే. కానీ 2021 జనవరిలో స్టీల్‌ప్లాంట్ అమ్మకం ప్రకటన వచ్చినప్పుడు, ఫిబ్రవరిలో గాజువాకలో ఆమరణ దీక్షకు కూర్చున్నది ఆయనే. నేను రెండు రోజులు వెళ్లి చూశాను. మూడో రోజుకే ముఖం పీక్కుపోయింది. కార్మికులు డ్యూటీ దిగి యూనిఫామ్‌తోనే వచ్చి పక్కన కూర్చునేవారు. చివరికి పోలీసులు ఆసుపత్రికి తరలించారు. వెంటనే మార్చిలో జరిగిన కార్పొరేషన్ ఎన్నికల్లో ఆయన పార్టీ నగరం మొత్తం మీద ఓడింది. వైసీపీకి 58, టీడీపీకి 30. అంటే దీక్షకు ఫలితం మూడు నెలల్లో రాలేదు, మూడేళ్లకు వచ్చింది. పార్టీ ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బయటికి వచ్చినవాళ్ల లిస్టు అధిష్ఠానం దగ్గర ఉంటుంది. అధికారంలో ఉన్నప్పుడు దండలు వేసినవాళ్ల లిస్టు ఎవరూ రాసుకోరు.

పోయిన దశాబ్దంన్నర విశాఖ నాయకులను చూస్తే సగం మంది ఒకే బడిలో చదువుకున్నవాళ్లు. 2008లో పుట్టి 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయిన ప్రజారాజ్యం ఆ బడి. 2009లో ఉమ్మడి విశాఖ జిల్లాలో గాజువాక, పెందుర్తి, భీమిలి, అనకాపల్లి గెలిచింది. గంటా, అవంతి, పంచకర్ల రమేష్‌బాబు, చింతలపూడి వెంకట్రామయ్య ఆ గెలుపులోంచి వచ్చారు. ఓడినవాళ్లలో పల్లా, వంశీకృష్ణ శ్రీనివాస్ ఉన్నారు. తర్వాత అందరూ తలో జెండా కిందికి వెళ్లారు. గంటా శ్రీనివాసరావు అయితే అనకాపల్లి ఎంపీ, చోడవరం, అనకాపల్లి, భీమిలి, విశాఖ ఉత్తరం, మళ్లీ భీమిలి, ఇలా సీటు మార్చుకుంటూ గెలిచిన మనిషి. 2019లో ఉత్తరంలో 1,944 ఓట్లతో బయటపడ్డారు. ఇది అందరూ ఆడగలిగే ఆట కాదు. దానికి డబ్బు, మనుషులు, ముందే గాలి పసిగట్టే ముక్కు కావాలి. మీ బావగారు గంటాగారిని చూసి లెక్క వేసుకుంటే తప్పుతుంది.

ఆయన చూడాల్సింది వంశీకృష్ణను. 2009లో విశాఖ తూర్పులో ప్రజారాజ్యం నుంచి ఓటమి. 2014లో అదే తూర్పులో వైసీపీ నుంచి ఓటమి. 2019లో టికెట్టే రాలేదు. 2021లో కార్పొరేటర్‌గా నిలబడి గెలిచారు, మేయర్ ఆయనే అని ఊరంతా అనుకుంది. పదవి గొలగాని హరివెంకటకుమారికి వెళ్లింది. ఆయనకు తర్వాత ఎమ్మెల్సీ ఇచ్చారు. 2023 చివర్లో జనసేనలో చేరారు, ఎమ్మెల్సీ పదవి పోయింది, 2024లో దక్షిణం నుంచి ఎమ్మెల్యే అయ్యారు. మొదటి పోటీ నుంచి ఎమ్మెల్యే కావడానికి పదిహేనేళ్లు. పైగా తిరిగింది తూర్పులో, గెలిచింది దక్షిణంలో. మొదటి పోటీనాటికే వెనక మనుషులు, వనరులు ఉన్న ఆయనకే అంత పట్టింది.

మేయర్ పదవి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కార్పొరేటర్లు లోలోపల దాని గురించే కలలు కంటారు. ఇప్పుడు మేయర్‌ను కార్పొరేటర్లే ఎన్నుకుంటారు, ఎమ్మెల్యేలు, ఎంపీలు పదవి రీత్యా (ఎక్స్‌అఫీషియోగా) ఓటు వేస్తారు. అవిశ్వాసం నాలుగేళ్లు దాటాకే పెట్టాలి. 2024లో ప్రభుత్వం మారింది. ఆ ఆగస్టులోనే స్టాండింగ్ కమిటీ పది స్థానాలూ కూటమికి వెళ్లాయి, కార్పొరేటర్లు ఒక్కొక్కరుగా కండువాలు మార్చారు. నాలుగేళ్లు నిండగానే, 2025 ఏప్రిల్ 19న మేయర్ హరివెంకటకుమారి మీద అవిశ్వాసం పెట్టారు. కావలసింది 74, పడింది సరిగ్గా 74. ఒక్క ఓటు అటు పోయినా వీగిపోయేది. దానికి ముందు రోజుల్లో కార్పొరేటర్లంతా క్యాంపుల్లోనే. నాకు తెలిసిన ఒకాయన ఫోన్ ఎత్తితే వెనక సముద్రం హోరు వినపడేది. "ఎక్కడున్నారండీ" అంటే "బీచ్‌లోనే" అనేవారు. ఏ దేశపు బీచో చెప్పేవారు కాదు. ఆ నెలాఖరున టీడీపీ నుంచి పీలా శ్రీనివాసరావు మేయర్ అయ్యారు. మీ బావగారు ఈ ఆటలో ఓటు మాత్రమే. ఆటగాడు కావాలంటే వెనక ఎమ్మెల్యే ఉండాలి.

ఎమ్మెల్యే ఎందుకు ఉంటాడు? బలమైన కార్పొరేటర్ అంటే ఆయనకు రేపటి పోటీదారు. ఇది ఎవరూ పైకి చెప్పరు గానీ వార్డు టికెట్లు పంచేటప్పుడు గదిలో నడిచేది ఇదే. మరీ పనికిరానివాడికి ఇవ్వరు, మరీ పేరున్నవాడికీ ఇవ్వరు. మా కార్పొరేటర్‌గారికి రెండోసారి ఎదురైంది సరిహద్దు మార్పు ఒక్కటే కాదేమో అని నాకు ఇప్పటికీ అనుమానం.

డబ్బు గురించి అంకెలు చెప్పను. కార్పొరేటర్‌కు వచ్చే గౌరవ వేతనం పెళ్లిళ్ల కట్నాలకే చాలదు. శ్రావణం, మాఘం వస్తే మా కార్పొరేటర్‌గారు ఒక్క రోజులో ఏడెనిమిది పెళ్లిళ్లకు తిరిగేవారు. ప్రతి చోటా కవరు ఉండాలి. వినాయక చవితి పందిళ్లు, పైడితల్లమ్మ, నూకాలమ్మ పండగలు, క్రికెట్ టోర్నమెంట్ కప్పులు. జీతం వచ్చే మనిషి దాన్ని తట్టుకోగలడు. జీతం మానేసిన మనిషి మూడో ఏడాదికి కాంట్రాక్టర్ వైపు చూస్తాడు. నాలుగో ఏడాదికి బిల్డింగ్ ప్లాన్ల వైపు. అక్కడితో పేరు పోతుంది. ఉద్యోగం మానొద్దని మొదట అన్నది ఇందుకే.

గాజువాక గురించి ప్రత్యేకంగా రెండు మాటలు. 2005 దాకా అది వేరే మున్సిపాలిటీ, ఆ ఏడాదే గ్రేటర్‌లో కలిసింది. ఇప్పటికీ అక్కడివాళ్లు జగదాంబ వైపు రావడాన్ని "వైజాగ్ వెళ్తున్నాం" అంటారు. నియోజకవర్గంగా 2009లో ఏర్పడినప్పటి నుంచి వరసగా రెండుసార్లు ఏ పార్టీనీ గెలిపించలేదు: ప్రజారాజ్యం, టీడీపీ, వైసీపీ, మళ్లీ టీడీపీ. అక్కడ ఓటును కదిలించేది స్టీల్‌ప్లాంటు. నిర్వాసితుల కుటుంబాల్లో ఆర్ కార్డు (భూములు పోయినవాళ్లకు ఇచ్చిన పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం రాక ఎదురుచూసి తండ్రులు పోయారు, ఇప్పుడు కొడుకులకు నలభై దాటాయి. భూములిచ్చిన ఊళ్ల పేర్లు, ఎవరికి కార్డుంది, ఎవరికి ఉద్యోగం వచ్చింది, ఎవరికి రాలేదు, ఇవి మీ బావగారికి నోటికి రావాలి. ప్లాంట్‌కు 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. కాంట్రాక్టు కార్మికుడి ఇంట్లో మాత్రం ప్రశ్న వేరే ఉంటుంది, వచ్చే నెల గేట్ పాస్ రెన్యువల్ అవుతుందా లేదా అని. దానికి జవాబు చెప్పలేని నాయకుడి ఫ్లెక్సీని కూర్మన్నపాలెంలో ఎవరూ తలెత్తి చూడరు. ఆయన సూపర్‌వైజర్ ఉద్యోగంలోనే ఉంటే ఈ మనుషులు రోజూ ఎదురుపడతారు. మానేస్తే వాళ్ల ఇళ్లకు పనిగట్టుకుని వెళ్లాలి.

నన్నడిగితే ఆయన చేయాల్సిన పని: పార్టీలో వార్డు అధ్యక్ష పదవి లాంటిది అడగకుండా రెండు బూత్‌ల ఓటరు జాబితా చేతిలోకి తీసుకోవాలి. చనిపోయినవాళ్లు, అద్దె ఇల్లు మారినవాళ్లు, కొత్తగా పద్దెనిమిది నిండినవాళ్లు, ఇంటింటికీ తిరిగి సరిచేయాలి. విసుగు పుట్టించే పని, అందుకే ఎవరూ చేయరు. టికెట్ల సమయంలో ఎమ్మెల్యే ముందు "నా వెనక రెండు వేల మంది ఉన్నారు" అని చెప్పేవాళ్లు వందమంది ఉంటారు. జాబితా విప్పి ఇంటి నంబరుతో సహా చూపించగలిగేవాడు ఒకడుంటాడు. రెండేళ్లు ఉద్యోగం చేసుకుంటూనే ఇది చేయగలిగితే తర్వాత సంగతి మాట్లాడుకోవచ్చు. చేయలేకపోతే ఉద్యోగం మానేసినా చేయలేరు.

ఇంకొకటి, చాలామంది ఇంకా పాత నిబంధన గుర్తుపెట్టుకుని భయపడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. మీ బావగారికి ఎంతమంది పిల్లలో మీరు రాయలేదు, అడ్డం మాత్రం లేదు.

ఆయన లెక్కలో అసలు రాసుకోనిది ఒకటుంది. వార్డుల్లో సగం మహిళలకు. ఏ వార్డు ఎవరికన్నది నోటిఫికేషన్ ముందు దాకా తేలదు. పదేళ్లు జెండా మోసింది బావగారే అయినా, ఆయన వార్డు మహిళకు పడితే నామినేషన్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మీ అక్కయ్యగారు. గెలిస్తే తెన్నేటి భవన్‌లో కౌన్సిల్ మీటింగ్‌కు వెళ్లాల్సిందీ, బిందె పట్టుకుని వచ్చినవాళ్లకు గుమ్మంలో జవాబు చెప్పాల్సిందీ ఆవిడే. మీరు ఆవిడ తరఫున అడిగారో, మీకై మీరే అడిగారో ప్రశ్నలో స్పష్టంగా లేదు. ఈ విషయం ఆవిడకు తెలుసా?